ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైట్: ‘అక్యుమెన్’ పెట్టి చూస్తే

అర్థం తెలిసినా రాయబోతే చెయ్యి తడబడే మాటల దగ్గరే నిఘంటువు పనితనం బయటపడుతుంది. రెజ్యూమేల్లో తరచూ కనిపించే ‘అక్యుమెన్’ (acumen) అలాంటిది. ఉచితంగా దొరికే ఈ సైట్‌ను ఆ మాటతోనే పరీక్షించాం.

విషయాన్ని త్వరగా, సరిగ్గా గ్రహించి నిర్ణయించగల శక్తి అని తేలిక మాటల్లో అర్థం ఇస్తుంది. దాని పక్కనే ‘అన్‌కౌంటబుల్’ అన్న గుర్తు ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి అర్థం దగ్గరికి వెళ్లిపోతారు. తప్పులు పుట్టేది అక్కడే. ఇది లెక్కపెట్టే నామవాచకం కాదు కాబట్టి ‘అక్యుమెన్స్’ అనకూడదు. విశేషణమూ కాదు, అందుకే ‘హీ ఈజ్ వెరీ అక్యుమెన్’ పూర్తిగా తప్పు. ‘హీ హ్యాజ్ గ్రేట్ బిజినెస్ అక్యుమెన్’ అనాలి. బిజినెస్, కమర్షియల్, ఫైనాన్షియల్ అనే జంట మాటలను సైట్ విడిగా చూపిస్తుంది. రాసేవాళ్లకు నిజంగా అక్కరకొచ్చేది ఇదే.

ఉచ్చారణకు రెండు స్పీకర్ గుర్తులు ఉంటాయి. బ్రిటిష్‌లో ‘ఆ’క్యుమన్ అని మొదటి అక్షరం మీద, అమెరికన్‌లో అ‘క్యూ’మన్ అని రెండో అక్షరం మీద ఊనిక. ఇంటర్వ్యూకు ముందు రెండూ వినండి, ఒకదానికే కట్టుబడండి.

లోటు లేకపోలేదు. పోలిన మాటల మధ్య తేడా ఈ పేజీలో తెలియదు. అక్యుమెన్ అంటే మెప్పే. ‘ష్రూడ్’లో మన గడుసుదనం వాసన ఉంటుంది, సొంత లాభం చూసుకునే మనిషికీ అతుకుతుంది. ‘ఆస్ట్యూట్’ విశేషణం కావలసిన చోట సరిపోతుంది. ఈ మూడు పేజీలూ పక్కపక్కన తెరిచి ఉదాహరణలు పోల్చుకోవాల్సిందే.

తెలుగు అర్థమూ ఇక్కడ దొరకదు. దానికి ఆంధ్రభారతి సైట్‌లోని నిఘంటుశోధన మేలు. సి.పి. బ్రౌన్ కూర్చిన బ్రౌణ్య నిఘంటువు సహా ఎన్నో పాత కోశాలను ఒకేసారి వెతికిపెడుతుంది. కాకపోతే పాత కోశాలు సమానార్థకాలను వరసగా పేర్చుతాయి, ఏది ఎక్కడ నప్పుతుందో చెప్పవు. మన ‘కుశాగ్రబుద్ధి’ దీనికి చక్కగా కుదురుతుంది: అక్యుమెన్‌కు లాటిన్‌లో మూలార్థం మొన, ఇటు కుశాగ్రం అంటే దర్భ కొన. వ్యాపార వార్తలో మాత్రం ‘వ్యాపార దక్షత’ అంటేనే చదవడానికి సాఫీగా ఉంటుంది.

ఇంగ్లీషులో రాయాల్సినవాళ్లు ముందు ఆక్స్‌ఫర్డ్ తెరవండి. అనువాదకులు ఆంధ్రభారతితో మొదలుపెట్టి, వాడుక సరిచూసుకోవడానికి ఇటు రండి.