ఆరేళ్లుగా మా పాత క్యాంపర్ వ్యాను: చేతి పంపును కాస్త ఎక్కువే పొగిడాను

ఈ బండిలో మంచం, పొయ్యి, పైకప్పుకు ఫ్యాను అన్నీ ఉన్నాయి. నేను మాత్రం ఆరేళ్లుగా మురిసిపోయింది డీజిల్ ఫిల్టరు నెత్తిన ఉన్న చేతి పంపును చూసుకుని. అరచేతి కింద ఒదిగే నల్లటి బొడిపె అది. కడపలో మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ముందు సీట్ల మధ్య ఇంజను మూత ఎత్తి మరీ చూపించేవాణ్ని.

ఎవరో పాత డీజిల్ వ్యానును ఇల్లులా మార్పించుకుని, నాలుగేళ్లు తిప్పి నాకు అమ్మారు. ఇంజనులో కంప్యూటర్ లేదు, అంతా పాతకాలం పంపు, గొట్టాలు. అందుకే ధైర్యం చేశాను.

కొన్న కొత్తలో గండికోట నుంచి జమ్మలమడుగు వస్తుంటే డీజిల్ అయిపోయింది. ముల్లేమో ఇంకా పావు ట్యాంకు ఉందంటోంది. (అది ఇప్పటికీ అబద్ధాలే చెబుతుంది. నేను కిలోమీటర్లు లెక్కపెట్టుకుని నడుపుతాను.) క్యానులో తెచ్చి పోసినా స్టార్ట్ కాలేదు. డీజిల్ ఇంజను ఒకసారి ఎండిందంటే గొట్టాల్లో గాలి చేరుతుంది, అది పోతే తప్ప లేవదు. ఫిల్టరు పక్కనున్న గాలి స్క్రూ వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన ధార వచ్చేదాకా పంపు కొట్టి, స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే రెండో దఫాకే అందుకుంది. ఆ రోజు నుంచి నేను ఆ పంపుకు భక్తుణ్ని.

ఆ భక్తే కొంప ముంచింది. తర్వాత రెండు ఎండాకాలాలు బండి ఎక్కడ పడితే అక్కడ ఆగింది. మూత ఎత్తేది, పాతికసార్లు పంపు నొక్కేది, పది నిమిషాలు పోయాక స్టార్ట్ చేస్తే లేచేది. గాలి పడుతోందనే నా నమ్మకం. ఫిల్టర్లు రెండుసార్లు మార్చాను. రాగి వాషర్లు, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం మార్చాను. ట్యాంకు దించి కడిగించాను. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందేమోనని అదీ గుచ్చి చూశాను. పదిహేను వేలు పోయాయి. మా అమ్మ మాత్రం రెండు మూడుసార్లు, "ఈ పెట్టె గుర్రుమన్నప్పుడల్లా బండి పడుకుంటాంది రా" అంది. పెట్టె అంటే వెనకున్న ఫ్రిజ్. నేను నవ్వి ఊరుకున్నాను.

పోయిన మేలో అమ్మను తీసుకుని రాయచోటి దిక్కు బయల్దేరాం. గువ్వలచెరువు ఘాటు సగం ఎక్కాక మలుపు మీద ఆగిపోయింది. చక్రాల వెనక రాళ్లు పెట్టి పంపు మొదలుపెట్టాను. అరవై దాకా కొట్టినా లేవలేదు. వెనక లారీల హారన్లు, నాకు చెమటలు, టెన్షన్. ఒక లారీ డ్రైవర్ దిగి వచ్చాడు.

"ఆపన్నా, పంపు ఊడొస్తాది. బండి ఎట్లా ఆగింది? కుంటుకుంటూ ఆగిందా, ఉన్నట్టుండి ఆగిందా?"

"ఉన్నట్టుండి."

"అయితే డీజిల్ కాదులే."

ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్షన్ పంపు మీదున్న సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) మీద వేలు పెట్టి నన్ను తాళం తిప్పమన్నాడు. కరెంటు ఉన్నంతసేపే అది డీజిల్‌కు దారి తెరిచి ఉంచుతుంది. కరెంటు తగ్గిందా, లోపలి స్ప్రింగు దారి మూసేస్తుంది. తాళం తిప్పగానే "టక్" మనాలి, అనలేదు. తన లారీలోంచి వైరు ముక్క తెచ్చి బ్యాటరీ నుంచి నేరుగా దానికి తగిలిస్తే టక్ మంది. సెల్ఫ్ కొట్టగానే ఇంజను లేచింది. డబ్బులు తీసుకోలేదు. పైన గువ్వలచెరువులో పాలకోవా ఇప్పిస్తే కాదనలేదు. అదీ ఇంజను ఆపకుండానే. అలా వైరు కట్టాక తాళంతో ఇంజను ఆగదు, వైరు పీకాల్సిందే!

కడపకు వచ్చాక ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. సోలినాయిడ్ దగ్గర, ఫ్రిజ్ ఆగి ఉంటే 11.8. ఫ్రిజ్ తిరగ్గానే 8 చిల్లర. బండిని ఇల్లుగా మార్చినప్పుడు ఫ్రిజ్‌కు కరెంటును సోలినాయిడ్‌కు పోయే సన్నటి వైరు నుంచే లాగి, మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ అతుకు ఇంజను మూత కిందే ఉంది, నల్లగా మాడిపోయి. నేను పంపు కొట్టే పది నిమిషాలూ తాళం ఆఫ్‌లో ఉండేది కాబట్టి ఫ్రిజ్‌కూ కరెంటు ఆగి అతుకు చల్లారేది, బండి లేచేది, పేరు పంపుకు వచ్చేది. ఘాటులో కంగారులో తాళం ఆన్‌లోనే వదిలేశాను. ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది, అతుకు చల్లారనే లేదు.

ఇప్పుడు ఫ్రిజ్‌కు ఇంటి బ్యాటరీ (ఇంజనుది కాకుండా, బండిలో ఇంటి వాడకానికి ఉన్న రెండో బ్యాటరీ) నుంచి లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఇంజను తిరుగుతున్నప్పుడే ఆ బ్యాటరీ ఛార్జ్ అయ్యేలా వేరే రిలే (తనంతట తానే పడే స్విచ్చు). ఎర్త్ వైరు విప్పి, తుప్పు గీకి బిగించారు. మొత్తం రెండు వేలు దాటలేదు. అప్పటి నుంచి దారిలో ఆగలేదు. అయితే ఇంకో పూర్తి ఎండాకాలం గడవలేదు కాబట్టి గట్టిగా చెప్పను.

పంపు సంగతీ చెప్పాలి. మొన్న వానల్లో పొద్దున పూట స్టార్టింగ్ కష్టమైంది. ఈసారి నిజంగానే గాలి. ఫిల్టరుకు, ఇంజెక్షన్ పంపుకు మధ్య పారదర్శకమైన గొట్టం పెడితే బుడగలు కనిపించాయి. గాలి పీలుస్తున్నది ఎక్కడో కాదు, నా చేతి పంపు లోపలి రబ్బరు చీలికలోంచే. బయటికి ఒక్క చుక్క కారలేదు, అందుకే తెలియలేదు. కొత్తది వేయించాను. పాతదాన్ని పారేయలేదు.

ఈ బండిని నేను అమ్మేది లేదు. రిటైరైన మనిషిని, తొందర లేదు, ఏడాదికి నాలుగు ప్రయాణాలు, అవీ ఎక్కువగా సీమ దాటవు. సెలవు దొరకని ఉద్యోగస్తులకు ఇలాంటి పాత బండి కొనమని చెప్పలేను. కొనేటట్టయితే ఇంజను ఆపి ఉన్నప్పుడు తాళం తిప్పి ఆ టక్ వినండి. తర్వాత వెనక ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు అన్నీ వేసి మళ్లీ వినండి.