ఓఆర్‌పీ ఎలక్ట్రోడ్‌ను పరీక్షించడానికి ఏ ద్రావణం మేలు?

రొయ్యల చెరువు అడుగు మట్టి నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసన వస్తోందంటే అక్కడ ఓఆర్‌పీ (ఆక్సీకరణ, క్షయకరణ స్థితిని మిల్లీవోల్టుల్లో చెప్పే కొలత) మైనస్‌లోకి దిగిపోయిందని అర్థం. భీమవరం వైపు రైతు ల్యాబు ఇచ్చిన అంకెను నమ్మి ఏరేటర్లు తిప్పుతాడు. అంకె తప్పైతే నష్టపోయేది అతనే. కాబట్టి ఎలక్ట్రోడ్‌ను విలువ తెలిసిన ద్రావణంలో ముంచి చూడకుండా చెరువు దగ్గరకు తీసుకెళ్ళకూడదు. వాడుకలో ఉన్నవి మూడు ద్రావణాలు. కింది విలువలన్నీ 25 డిగ్రీల దగ్గర, గాఢమైన పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌కు (పోలిక కోసం ఎలక్ట్రోడ్ లోపల ఉండే భాగానికి) వర్తిస్తాయి.

లైట్ (ఇది ఒక శాస్త్రవేత్త పేరు) ద్రావణం 476 మిల్లీవోల్టులు చూపాలి. ఇనుప లవణాలను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి చేస్తారు. చాలాకాలం నిలవుంటుంది. అయితే దాని రెడాక్స్ బలం, అంటే అంకెను ఒకచోట నిలబెట్టే శక్తి, ఎంత ఎక్కువంటే, మురికి పట్టిన ప్లాటినం (ఎలక్ట్రోడ్‌లో ద్రావణాన్ని తాకే లోహం) కూడా అందులో సరైన అంకె చూపగలదు. అదే ఎలక్ట్రోడ్ చెరువు నీటిలో అరగంటైనా కుదురుకోదు. మన పనికి ఇది పెద్ద లోపమే.

జోబెల్ ద్రావణం విలువ 231. సముద్రపు అడుగు మట్టిని పరిశీలించిన శాస్త్రవేత్త పేరు కాబట్టి మనకు దగ్గరిదే. వెలుతురు తగలకుండా ముదురు రంగు సీసాలో ఉంచాలి. ఇందులో ఫెర్రోసయనైడ్ ఉంటుంది కనుక ఆమ్లంతో కలవనివ్వకూడదు. లైట్ ద్రావణం పారబోసిన తొట్టిలో దీన్ని పోయవద్దు. వేడి పెరిగేకొద్దీ దీని విలువ డిగ్రీకి సుమారు 1.3 చొప్పున తగ్గుతుంది. గది 33 డిగ్రీలుంటే 221 దగ్గర చూపడమే సరి. ఇది తెలియక మంచి ఎలక్ట్రోడ్‌నే పాడైందనుకునేవారున్నారు.

నా ఓటు మాత్రం మూడోదైన క్విన్‌హైడ్రోన్ పొడి ద్రావణానికే. పీహెచ్ మీటరు కోసం కొన్న పీహెచ్ 4, 7 బఫర్లు (పీహెచ్ మారకుండా నిలిచే ద్రావణాలు) ల్యాబులో ఎలాగూ ఉంటాయి. చేతికి గ్లౌజు వేసుకుని, నల్లపచ్చగా మెరిసే ఆ పొడిని ఒక్కో బఫర్‌లో చిటికెడు వేసి కలపాలి. ద్రావణం తేనె రంగుకు తిరిగి, అడుగున కొంచెం కరగని పొడి మిగలాలి. పీహెచ్ 7లో 86, పీహెచ్ 4లో 263 రావాలి. నిలవుండదు, ఏ రోజుకారోజు చేసుకోవాల్సిందే. ఆ శ్రమకు ఫలితం ఉంది: ఒకే అంకె ఇచ్చే ద్రావణం తప్పు ఉందని మాత్రమే చెబుతుంది, రెండు అంకెలైతే తప్పు ఎక్కడుందో కూడా చెబుతాయి.

రెండు అంకెల మధ్య తేడా 177 రావాలి. అది బాగా తగ్గిందంటే, బఫర్లూ పొడీ మంచివైతే, అనుమానించాల్సింది ప్లాటినాన్నే. ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు, పెచ్చు కట్టి ఉంటే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అప్పటికీ లొంగకపోతే మెత్తని అల్యూమినా పొడితో తేలిగ్గా రుద్దడం. శుభ్రం చేశాక మళ్ళీ పరీక్షించాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచడం మాత్రం వద్దు, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి.

తేడా 177 అలాగే ఉండి రెండు అంకెలూ ఇరవయ్యేసి తగ్గాయా, ప్లాటినం జోలికి పోకండి. రిఫరెన్స్‌లోని క్లోరైడ్ పలచబడి ఉంటుంది, నింపుకునే రకమైతే కొత్త ద్రావణం పోయండి. రెండూ కలిసి పెరిగితే నల్లమట్టిలోని సల్ఫైడ్ లోపలి వెండిదాకా చేరి ఉండవచ్చు. అలా చేరితే ఎంత తోమినా లాభం లేదు. ఎలక్ట్రోడ్ మార్చాలి, ఈసారి డబుల్ జంక్షన్ (లోపలి వెండికీ బయటి నీటికీ మధ్య రెండు అడ్డుపొరలున్న) రకం కొనాలి.