కాలేజీకి ఎల్‌ఎంఎస్ కొంటున్నారా? బ్యాకప్ మీ చేతికి వస్తుందో లేదో ముందు చూసుకోండి

డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేస్తున్న తోటి అధ్యాపకులకు, ముఖ్యంగా ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసుకునే విభాగం) కోఆర్డినేటర్లకు, ప్రిన్సిపాళ్లకు ఈ హెచ్చరిక. బ్లెండెడ్ లెర్నింగ్ (కొంత క్లాసులో, కొంత ఆన్‌లైన్‌లో చెప్పడం) పేరు చెప్పి, తలకు ఏడాదికి ఇంత అని లెక్కగట్టి ఎల్‌ఎంఎస్, అంటే పాఠాలు, క్విజ్‌లు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్, అమ్మేవాళ్లు ఇప్పుడు చిన్న ఊళ్ల కాలేజీల చుట్టూ బాగా తిరుగుతున్నారు. అలాంటి ఒక కంపెనీ దగ్గర మా మేనేజ్‌మెంట్ కొన్నది. డబ్బు పోవడం ఒక ఎత్తు, మేం కష్టపడి తయారుచేసుకున్న పాఠాలు మా చేతికి రాకుండా పోవడం ఇంకో ఎత్తు. కంపెనీ పేరు రాయడం లేదు. రేపు బోర్డు మార్చుకుని రావడం వాళ్లకు పెద్ద పనేం కాదు, అందుకే వాళ్ల పద్ధతి చెబుతున్నాను.

మాది పార్వతీపురం మన్యం జిల్లా వైపు కాలేజీ. పిల్లల్లో చాలామంది సీతంపేట, గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి వస్తారు. కొన్ని ఊళ్లలో సిగ్నల్ కోసం రోడ్డు మీదికో, గట్టు మీదికో వెళ్లాలి. ఈ సంగతి ముందే చెప్పాం. "మా యాప్ టూజీలో కూడా ఆడుతుంది సార్" అన్నాడు కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు. డెమో మాత్రం సెమినార్ హాల్లో, తన ఫోన్ హాట్‌స్పాట్ మీద, తన ల్యాప్‌టాప్‌లోనే చూపించాడు. వీడియో గడగడా నడిచింది, అందరూ తలూపారు.

మేనేజ్‌మెంట్‌ను ఒప్పించింది డెమో కాదు, భయం. 40 శాతం క్లాసులు ఆన్‌లైన్‌లో చెప్పడం యూజీసీ తప్పనిసరి చేసిందని, ఎల్‌ఎంఎస్ లేకపోతే కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌లో గ్రేడ్ పడిపోతుందని చెప్పాడు. 2021 మే నెలలో యూజీసీ బ్లెండెడ్ మోడ్ మీద కాన్సెప్ట్ నోట్ విడుదల చేసిన మాట నిజమే. అందులో ఉన్నది ఒక కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చు అని. 'వరకు' అన్న ముక్క ఎగిరిపోయి, 'చెప్పి తీరాలి' అయిపోయింది. న్యాక్ వాళ్లు బోధనలో ఐసీటీ (కంప్యూటర్, ఇంటర్నెట్ సాధనాలు) ఎలా వాడుతున్నారని అడుగుతారు గానీ, ఫలానా కంపెనీ సరుకు కొన్నారా అని అడగరు. తప్పనిసరి అని ఎవరైనా అంటే, ఆ ఉత్తర్వు కాపీ బల్ల మీద పెట్టమనండి.

డబ్బు కట్టాక సెమిస్టర్ మొదలైంది. నలభై నిమిషాల పాఠం సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఆడినా 300 ఎంబీ అవుతుంది. అలాంటివి ఐదు చూస్తే రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయిపోయినట్టే. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, దాని మీద తమ్ముడూ చెల్లీ కూడా ఆధారపడితే ఇక చెప్పేదేముంది. కాలేజీ వైఫైలో పాఠం దింపుకుని ఇంటికెళ్లి చూసుకునే వీలుంటే ఈ బాధ ఉండేది కాదు. డౌన్‌లోడ్ బటన్ ఎక్కడుందని అడిగితే, పైరసీ జరుగుతుందని ఆపేశామన్నారు. ఆ పాఠాలు మావి. మా ఫిజిక్స్ మేడం ఇంట్లో ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసుకుని, చెమటలు కక్కుతూ రికార్డు చేసినవి. వాటిని మా పిల్లలు దింపుకుంటే పైరసీ ఏమిటో! చివరికి అందరం వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్, దాంతోపాటు ఒక వాయిస్ రికార్డింగ్ పంపడం మొదలుపెట్టాం. 32 కేబీపీఎస్‌లో నలభై నిమిషాల ఆడియో పది ఎంబీ లోపే ఉంటుంది. పిల్లలు నిజంగా వాడుకున్నది దాన్నే.

తెలుగు డిపార్ట్‌మెంట్ కష్టం వేరు. మాస్టారి దగ్గర ఏళ్ల తరబడి పోగేసిన ఛందస్సు, వ్యాకరణం ప్రశ్నలు పేజ్‌మేకర్‌లో పాత డీటీపీ ఫాంట్లతో కొట్టించినవి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు కాబట్టి అప్‌లోడ్ చేయగానే 'ఉత్పలమాల' ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వచ్చాయి. కంటెంట్ మార్పిడి ఉచితం అని అగ్రిమెంట్‌లో ఉంది కదా అంటే, అది ఇంగ్లీషుకే అన్నారు. ఆయన అన్నీ మళ్లీ టైపు చేసుకున్నారు.

అసలు దెబ్బ రెన్యువల్ దగ్గర తగిలింది. మా కంప్యూటర్స్ సార్ ఒకరోజు బ్రౌజర్‌లో అడ్రస్ చూసి "ఇది మూడుల్ కదండీ" అన్నారు. కోర్సు తెరిస్తే అడ్రస్‌లో కోర్స్, స్లాష్, వ్యూ డాట్ పీహెచ్‌పీ అని వస్తోంది. రంగులు, లోగో మార్చారు, లోపల ఉన్నది మూడుల్. అది 2002 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా దింపుకుని తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. దాన్ని నడిపిపెట్టి డబ్బు తీసుకోవడం తప్పేం కాదు. సర్వర్ అద్దె, అప్‌డేట్లు, బాగోగులు ఎవరో ఒకరు చూడాలి, అది ఊరికే జరిగే పని కాదు. అయితే "మా ఇంజనీర్లు నాలుగేళ్లు కూర్చుని రాశారు" అని చెప్పి తలకింత వసూలు చేయడాన్ని ఏమనాలి?

మూడుల్‌లో కోర్సు మొత్తానికి బ్యాకప్ తీస్తే ఎంబీజెడ్ అనే ఒకే ఫైలు వస్తుంది. దాన్ని ఇంకో మూడుల్ సైట్‌లో రీస్టోర్ చేస్తే యూనిట్లు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగుతాయి. మామూలుగా కోర్సు నడిపే టీచర్ లాగిన్‌లోనే ఆ సౌకర్యం ఉంటుంది. మా లాగిన్లలో దాన్ని తీసేశారు. పిల్లలు యాప్‌లో పాఠం దింపుకునే సౌకర్యం కూడా మూడుల్‌లో మామూలుగా ఉన్నదే, కావాలని ఆపారు. బ్యాకప్ ఇవ్వండి, మేమే చూసుకుంటాం అంటే 'డేటా మైగ్రేషన్ ఛార్జీలు' అని కొటేషన్ పంపారు. దాదాపు ఏడాది చందా అంత, పైన 18 శాతం జీఎస్టీ.

అగ్రిమెంట్ తీసి చూస్తే అన్నీ వాళ్లవైపే ఉన్నాయి. ఎక్కించిన కంటెంట్‌ను కంపెనీ తన 'లైబ్రరీ'లో వాడుకోవచ్చట. కాలేజీ పేరుతో ఉన్న డొమైన్ (వెబ్ అడ్రస్) కూడా వాళ్ల పేరు మీదే రిజిస్టర్ చేసుకున్నారు. విద్యార్థుల వివరాల ఎక్సెల్‌లో ఆధార్, కులం కాలమ్‌లు పెట్టి అడిగారు. క్విజ్ రాయడానికి ఆధార్ ఎందుకండీ? 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక అయినా ఈ అలవాటు మానాలి.

కొనక తప్పదనుకుంటే డెమో మీ దగ్గర కాకుండా మీ విద్యార్థి ఊళ్లో, వాళ్ల ఫోన్‌లో, వాళ్ల సిమ్‌తో అడగండి. ఆ డెమోలోనే ఒక కోర్సు బ్యాకప్ తీయించి, వేరే సైట్‌లో రీస్టోర్ చేయించి చూడండి. నసిగారంటే అక్కడే ఆపేయండి. డొమైన్, అడ్మిన్ లాగిన్ కాలేజీ పేరు మీదే ఉండాలి. బిల్లు మొత్తం స్ట్రెంగ్త్‌కి కాకుండా నెలలో లాగిన్ అయినవాళ్ల సంఖ్యకే కట్టేలా బేరం ఆడండి.

కంటెంట్ కోసమైతే కొనాల్సిన పనే చాలావరకు లేదు. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ 'స్వయం'లోని కోర్సులు ఉచితంగా చూడొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. నెట్ లేని ఇళ్లకు స్వయంప్రభ టీవీ ఛానళ్లు ఉన్నాయి. కంప్యూటర్ పాఠాలకు ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగు ఆడియోతో కూడా దొరుకుతాయి, నెట్ లేకుండా ల్యాబ్‌లో పెట్టి నేర్పొచ్చు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లకు ఒక మాట. రెన్యువల్ వద్దని మెయిల్ పెట్టకముందే మార్కులు, హాజరు రిపోర్టులు ఎక్సెల్‌లోకి దింపుకోండి, క్విజ్ ప్రశ్నలు కాపీ చేసి పెట్టుకోండి, అసలు వీడియోలు ఫోన్‌లో ఉంటే మెమరీ నిండిందని తుడిచేయకండి. మేం మెయిల్ పెట్టిన మర్నాటి నుంచే రిపోర్టుల పేజీ తెరుచుకోవడం మానేసింది. అడిగితే "సర్వర్ మెయింటెనెన్స్ సార్" అంటున్నారు.