పెళ్లి వీడియో మూలన ఒక పేరు: డావిన్చీ రిజాల్వ్ డేటా బర్న్-ఇన్ నాలుగేళ్లు వాడాక

డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు బాగా వస్తాయని అందరూ చెప్పేదే. నేను ఆ సంగతి జోలికి పోను. వర్క్‌స్పేస్ మెనూలో డేటా బర్న్-ఇన్ అని ఒకటి ఉంటుంది. అది తెరిచి 'సోర్స్ క్లిప్ నేమ్'కి టిక్ పెడితే, టైమ్‌లైన్‌లో, అంటే షాట్లు వరసగా పేర్చే చోట, ఏ షాట్ నడుస్తుంటే ఆ షాట్ పేరు (కెమెరా పెట్టే ఫైలు పేరు) తెర మీద కనబడుతుంది. అంతే. ఉచిత వెర్షన్‌లోనే ఉంది. పెళ్లి వీడియోలు మిక్సింగ్ (ఎడిటింగ్) చేసే నాకు ఈ సాఫ్ట్‌వేర్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఈ ఒక్క టిక్కే.

ఎందుకో చెప్పాలంటే, అది లేనప్పుడు ఎలా ఉండేదో చెప్పాలి. మొదటి కాపీ ఇంటికి పంపుతాం. వాళ్లు చూసి ఫోన్ చేస్తారు. "జీలకర్ర బెల్లం అయ్యాక మా పెద్దత్త వస్తుంది చూడండి, అక్కడ కొంచెం ఉంచాల్సింది" అంటారు. ఆ నాలుగు వందల మందిలో పెద్దత్త ఎవరో నాకేం తెలుసు? కొంచెం పద్ధతిగా ఉండేవాళ్లు టైము రాసి పంపేవారు, గంటా పన్నెండు నిమిషాల దగ్గర అని. అదీ మొదటిసారికే పనికొచ్చేది. ముందు ఎక్కడో నాలుగు నిమిషాలు తీసేశానంటే, కింద ఉన్న టైములన్నీ జరిగిపోయేవి. వాళ్ల దగ్గరున్నది పాత కాపీ, నా దగ్గరున్నది కొత్తది. ఇద్దరం ఫోన్‌లో వేర్వేరు చోట్ల వెతుక్కుంటూ గంట గడిపేవాళ్లం. షాట్ పేరు అలా మారిపోదు. పెళ్లిపందిట్లో తీసిన షాట్‌ని వీడియో మొదట్లో పెట్టినా, చివర్లో పెట్టినా దాని పేరు దానితోనే ఉంటుంది.

ఇది నాకు పూర్తిగా అర్థమైంది తెనాలి పెళ్లి ఒకటి చేసినప్పుడు. అమ్మాయి, అల్లుడు పెళ్లయిన పది రోజులకే డల్లాస్ వెళ్లిపోయారు. చూసి చెప్పాల్సింది పెళ్లికూతురి అమ్మగారు. ఆవిడకి కంప్యూటర్ రాదు, లింకులు పంపితే తెరవడం తెలియదు. అందుకని మూడు గంటల కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాను. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు కాబట్టి, 720పీలో సెకనుకి 2,500 కిలోబిట్లు పెట్టి రెండర్ చేశాను, అంటే వీడియో ఫైలుగా బయటికి తీశాను. సౌండుతో కలిపి మూడున్నర జీబీ చిల్లర అయింది. ఆ కాపీలో షాట్ల పేర్లు పెట్టాను. "అమ్మా, మీకు నచ్చని ముక్క వస్తే టీవీ ఆపి, మూలన ఉన్న పేరు రాసుకోండి చాలు" అన్నాను.

వారం తర్వాత ఆవిడ పంపిన ఫొటోలు చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. రూళ్ల నోట్‌బుక్‌లో మూడు పేజీలు, గుండ్రటి అక్షరాలతో. "సి0112 వద్దు, మా ఆడపడుచు తింటోంది. సి0089 ఇంకాస్త ఉంచు, మా నాన్నగారు. సి0140 రెండుసార్లు వచ్చింది." ఇరవై ఆరు మార్పులు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి. ఒక్క ఫోను కూడా చేయాల్సిన పని పడలేదు. సాఫ్ట్‌వేర్ గురించి ఏమీ తెలియని మనిషి, నాతో ఎడిటర్ భాషలో మాట్లాడింది. ఆ రోజు ఈ టిక్ మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. రెండో కాపీ చూసి ఆవిడ ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "మా తమ్ముడు అమ్మాయిని బుట్టలో ఎత్తుకొచ్చిన ముక్క ఏదయ్యా? మొదటిదాంట్లో ఉంది కదా?"

మేనమామ బుట్టలో పెళ్లికూతుర్ని మోసుకురావడం! అలాంటిది ఎవరైనా తీసేస్తారా? నేనే తీసేశాను. ఆవిడ నోట్‌బుక్‌లో "సి0047 వద్దు" అని ఉంది. టైమ్‌లైన్ జాబితాలో ఆ పేరు వెతికి, మొదట కనబడినదాన్ని తీసేశాను. ఆ పెళ్లికి రెండు కెమెరాలు. కొత్త కార్డు వేసినప్పుడల్లా రెండూ ఫైళ్ల లెక్క ఒకటి నుంచే మొదలుపెట్టాయి. క్యాండిడ్ కెమెరాలో సి0047 అంటే భోజనాల దగ్గర ఖాళీ విస్తర్లు. ట్రెడిషనల్ కెమెరాలో సి0047 అంటే బుట్ట. ఆవిడ రాసింది సరిగ్గానే రాశారు. తెర మీద ఉన్న పేరు కూడా తప్పు కాదు. ఒకే పేరు రెండు షాట్లకి ఉండనిచ్చింది నేను. బుట్ట షాట్ అదే రోజు వెనక్కి పెట్టాను. కానీ ఆ ఫోన్ వచ్చిన క్షణం ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఆవిడ గమనించకపోయి ఉంటే ఆ షాట్ లేకుండానే వీడియో డల్లాస్ వెళ్లిపోయేది.

కాబట్టి పైన 'టిక్ పెడితే చాలు' అన్నట్టు రాశాను గాని, చాలదు. కార్డులోంచి దించుకోగానే, సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోకముందే, ఫైళ్ల పేర్ల ముందు కెమెరాకి ఒక అక్షరం చేర్చాలి. ఏ0047, బి0047, డ్రోన్‌కి డి. ఒకే కెమెరాలో రెండు కార్డులు వాడితే కార్డు నంబరు కూడా. మిక్సింగ్ మొదలుపెట్టాక పేర్లు మారిస్తే ఫైలు దొరకక షాట్లు ఎర్రగా ఆఫ్‌లైన్ అయిపోతాయి, అది ఇంకో తలనొప్పి. కొన్ని కెమెరాల్లో పేరు ముందు అక్షరాలు మనమే పెట్టుకోవచ్చు. ఉంటే అన్నిటికంటే అదే మంచిది.

ఇంకొకటి. ముహూర్తం దగ్గర కెమెరా ఇరవై నిమిషాలు ఆపకుండా నడుస్తుంది. ఆ ఒక్క ఫైలు వీడియోలో పదిహేను ముక్కలుగా వస్తుంది, పదిహేనింటికీ ఒకటే పేరు. మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ ఆ పేరులోనే. అలాంటి చోట్ల సోర్స్ టైమ్‌కోడ్, అంటే ఆ ముక్క అసలు ఫైల్లో ఎక్కడుందో చెప్పే టైము, కూడా పెట్టాలి. చూసేవాళ్లకి అంత పొడుగు అంకెలు రాసుకోవడం కష్టమే, అయినా తప్పదు. కొన్ని షాట్లు కలిపి కాంపౌండ్ క్లిప్ చేస్తే లోపలి పేర్లు పోయి దాని పేరే కనబడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు చూసి చెప్పేదాకా నేను కాంపౌండ్ చేయను.

పేరు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది గాని కాదు. మొదట కింద పెట్టాను. టీవీ పాజ్ చేయగానే కింద ప్లే పట్టీ వచ్చి సరిగ్గా పేరునే కప్పేసేది. ఇప్పుడు పైన ఎడమ మూలన పెడతాను, అక్షరాలు పెద్దవి చేసి, వెనక నల్లటి పట్టీ ముదురుగా ఉంచుతాను. మల్లెపూల మండపం, ఫోకస్ లైట్లు వెనకుంటే తెల్లక్షరం కనబడదు.

చివరి రెండర్ సంగతి కూడా చెప్పాలి. రెండర్ చేసే డెలివర్ పేజీలో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద డేటా బర్న్-ఇన్ 'సేమ్ యాజ్ ప్రాజెక్ట్' అని ఉంటుంది. దాన్ని 'నన్' చేయడం మరిచిపోతే ఫైనల్ వీడియోలో కూడా పేర్లు వచ్చేస్తాయి. నాకు ఒకసారి అయింది. ఇంటికి ఇవ్వకముందే చూసుకున్నాను గాని, రాత్రంతా పట్టిన రెండర్ మళ్లీ చేయాల్సి వచ్చింది. అప్పట్నుంచి రెండు రెండర్ ప్రీసెట్లు సేవ్ చేసి పెట్టుకున్నాను, 'ఇంటికి చూపించేది', 'ఫైనల్' అని.

అందరికీ ఇది అవసరమా అంటే, నా పని తీరు వేరు. నేను ఒక్కడినే మిక్సింగ్ చేస్తాను, చూసి చెప్పేవాళ్లు టీవీ ముందు కూర్చునే పెద్దవాళ్లు. రీల్స్ చేసుకునేవాళ్లకి, తీసిందీ కోసిందీ తామే అయినవాళ్లకి దీంతో పనిపడకపోవచ్చు. ఇంటర్నెట్‌లోనే వీడియో మీద కామెంట్లు రాసే కస్టమర్లు ఉంటే వాళ్లకి ఇంకా మంచి దారులున్నాయి. నాకు వచ్చేది మాత్రం నోట్‌బుక్ పేజీల ఫొటోలే, వాటికి ఇంతకంటే సరిపోయేది నాకింకా దొరకలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది మూడు కెమెరాలు, ఒక డ్రోన్ ఉన్న పెళ్లి. తెనాలి అమ్మగారి చిన్నమ్మాయిదే. నిన్న రాత్రి కార్డులు దించి పేర్లన్నీ మార్చేశాక, బుట్ట షాట్ ఏ ఫైల్లో ఉందో ముందే చూసి కాగితం మీద రాసుకున్నాను. ఈసారి అది బి2-0018.