గుండెపోటు తర్వాత నడక: ఆసుపత్రికి వెళ్లి రావడమా, ఫోన్లో నర్సు తోడా, చేతి గడియారమా?

మా నాన్నగారు గుండెపోటు వచ్చి, విశాఖపట్నంలో స్టెంటు వేయించుకుని శ్రీకాకుళం తిరిగి వచ్చినప్పటి నుంచి, అదే అవస్థలో ఉన్న ఇళ్లవారు నన్ను పదే పదే అడుగుతున్నది ఒక్కటే: నడిపించడానికి మళ్లీ ఆసుపత్రి చుట్టూ తిరగాలా, ఫోన్లో నర్సు చెప్పినట్టు చేస్తే సరిపోతుందా? నడక మంచిదేనని అందరికీ తెలుసు కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను.

ఆసుపత్రిలో, పర్యవేక్షణలో చేయించే వ్యాయామానికి ఒక పెద్ద బలం ఉంది. ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నంతసేపూ ఇ.సి.జి. తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, తేడా వస్తే చూడడానికి మనిషి పక్కనే ఉంటాడు. గుండె పంపింగ్ 40 శాతం కన్నా తగ్గినవారు, గుండె లయ తప్పుతున్నవారు, కొద్ది శ్రమకే నొప్పి తిరగబెడుతున్నవారు అక్కడే మొదలుపెట్టాలి. మిగిలినవారికి లెక్క మారుతుంది. ఇటువంటి శిక్షణ సాధారణంగా వారానికి రెండు మూడు రోజుల చొప్పున 8 నుంచి 12 వారాలు సాగుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ 100 కిలోమీటర్ల పైమాట కాబట్టి, కాంప్లెక్సులో బస్సెక్కి వెళ్లి, గంట నడిచి, మళ్లీ బస్సెక్కి ఇంటికి చేరేసరికి రోగికి రోజు, తోడు వెళ్లినవారికి ఆనాటి సంపాదన రెండూ పోతాయి. విజయనగరం వారికి దూరం దాదాపు సగమే గనుక వారు దీన్ని నాకన్నా ఉదారంగా తూచవచ్చు. ఇంటిపట్టున చేసే ఇటువంటి శిక్షణను ఆసుపత్రిలో చేసే దానితో పోల్చిన 24 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను కూడగట్టి తూచే కాక్రేన్ సంస్థ 2023లో సమీక్షించి, ప్రమాదం తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న రోగులలో రెండింటి ఫలితాలూ ఇంచుమించు ఒకటేనని తేల్చింది.

అయితే నన్ను నర్సు వైపు మొగ్గించింది ఆ సమీక్ష మాత్రమే అనలేను. మా ఇంట్లో నడకకు అడ్డుపడింది భయం, అది నాన్నగారికి కొంత ఉంటే అమ్మకు అంతకు రెట్టింపు. ఆయన చెప్పులు వేసుకోగానే "ఏటి, మళ్లీ ఎక్కడికి బయల్దేరిపోనారు?" అంటూ గుమ్మానికి అడ్డం నిలబడేది. వారానికి రెండుసార్లు వీడియో కాల్ చేసే నర్సు మొదటి రోజే ఈ సంగతి పసిగట్టి, నాన్నగారితో మాట్లాడే ముందు అమ్మను పిలిపించి, ఎంత నడిస్తే మంచిదో, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలో ఆమెకే అప్పగించింది. ఆ తర్వాత ఫోను నన్ను పట్టుకోమని, పెరట్లో నడుస్తున్న నాన్నగారితో "మాస్టారూ, నడుస్తూనే ఒక పద్యం చెప్పండి" అంది. పాదం మధ్యలో ఊపిరి అందక మాట తెగితే వేగం ఎక్కువైనట్టు, రాగం తీసి పాడగలిగితే తక్కువైనట్టు, మామూలుగా చెప్పగలిగితే సరిపోయినట్టు. తెలుగు మాస్టారుగా పనిచేసిన మనిషికి అంతకన్నా సులువైన కొలత దొరకదు. మొదటి వారం పూటకు 5 నిమిషాల చొప్పున రెండు పూటలా నడిచిన ఆయన, ఆరో వారానికి నాగావళి గట్టున ఒకే విడతలో 30 నిమిషాలు నడవగలిగారు. వారానికి 5 రోజులు అలా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి.

అడుగులు లెక్కపెట్టే చేతి గడియారం కూడా కొన్నాము. గుండెపోటు తర్వాత చాలామందికి ఇచ్చే మెటోప్రొలాల్ వంటి మాత్రలు నాడి వేగాన్ని అణచిపెడతాయన్న సంగతి దానికి తెలియదు కాబట్టి, నాన్నగారు చెమట పట్టేలా నడిచి వచ్చినా శ్రమ చాలలేదనే చూపించేది. నాడి అంకెను పక్కన పెట్టి పద్యాన్నే నమ్మమని నర్సు చెప్పింది. గడియారం అడిగే 10,000 అడుగుల లక్ష్యం కూడా వైద్యులు పెట్టినది కాదు, 1965లో జపానులో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల కొలమానం పేరు నుంచి వ్యాప్తిలోకి వచ్చింది.

ఉదయపు నడక బృందాల విషయానికొస్తే, కబుర్లకు మంచివే గాని మొదటి రెండు నెలలు ఇతరుల వేగంతో పోటీ పడే ప్రమాదం ఉంది.

ఫోన్లో నర్సుకూ హద్దులున్నాయి. నొప్పి వచ్చిన క్షణంలో ఆమెకు ఫోన్ చేయకూడదు; నడక ఆపి కూర్చుని, డాక్టరు రాసిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకుని, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి చేయాలి. ఈ మాట కూడా ఆమే మా అమ్మ చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకుంది. మీ ఆసుపత్రిలో ఇటువంటి సహాయం ఉందో లేదో డిశ్చార్జి రోజునే అడగండి. ఉందంటే నర్సు ఏ వేళల్లో ఫోన్ చేస్తారో, ఆమె సెలవులో ఉంటే ఎవరు చేస్తారో చీటీ మీదే రాయించుకోండి. మేము రాయించుకోకపోవడం వల్ల మొదటి పది రోజులూ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే కూర్చున్నాము.