తాళం రంధ్రం లేని డిక్కీ: వారంటీ అయిపోయాక నా అభిప్రాయం

ఈ కారు మైలేజీ ఎంత, ఏసీ ఎలా పనిచేస్తుంది, స్టీరింగ్ ఎంత తేలిక, ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను రాసేది ఒక్క డిక్కీ గురించే. ఈ హ్యాచ్‌బ్యాక్ వెనక తలుపుకి తాళం పెట్టే రంధ్రం లేదు, డ్రైవర్ సీటు పక్కన లాగే లివరూ లేదు. నంబర్ ప్లేటు పైన రబ్బరు తొడుగున్న చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కితే తెరుచుకుంటుంది. నొక్కినా తెరుచుకోకపోతే బయట నిలబడి చేయగలిగింది ఏమీ లేదు. స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ లోపలే ఉంటాయి కదా, అలాంటి చోటికి ఒక్కటే దారి పెట్టడం ఏమిటని నాకు ఇప్పటికీ కోపం.

నాది మందుల డిస్ట్రిబ్యూషన్. విజయవాడ నుంచి గుడివాడ, నూజివీడు, హనుమాన్ జంక్షన్ వైపు అట్టపెట్టెలేసుకుని తిరుగుతుంటాను, రోజులో డిక్కీ ఎన్నిసార్లు తీసి వేస్తానో లెక్కే ఉండదు. చంకలో ఒక పెట్టె ఉన్నా రెండో చేత్తో స్విచ్ నొక్కితే చాలు, తాళం చెవి జేబులోంచి తీయక్కర్లేదు. కొన్న కొత్తలో ఈ సుఖం గురించి కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను, నా మాట విని ఇదే కారు తీసుకున్న వాళ్ళూ ఉన్నారు. ఆ సుఖం అబద్ధం కాదు, ఈరోజుకీ ఉంది. కాకపోతే రోజుకి ఇరవై ముప్ఫైసార్లు తలుపు ఎత్తి దించే వాళ్ళకి ఆ తలుపులోకి వెళ్ళే వైర్లు ఎంతకాలం నిలుస్తాయన్నది అప్పుడు ఎవరికీ తెలియదు, ఇప్పుడు నాకు తెలుసు.

మొదట నంబర్ ప్లేటు లైటు ఆగి ఆగి వెలిగేది. తర్వాత వెనక వైపరు సగంలో ఆగడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే బల్బు లూజు అన్నారు, మార్చారు. కొన్నాళ్ళకి డిక్కీ స్విచ్ ఒక్కోసారి రెండు మూడుసార్లు నొక్కితే గానీ పనిచేసేది కాదు, మళ్ళీ వెళితే స్విచ్ పోయిందని అదీ మార్చి బిల్లు వేశారు. కొత్త స్విచ్ వేశాక కొద్దిరోజులు బాగానే ఉంది. ఇంక దాని సంగతి మర్చిపోయాను.

ఏలూరులో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ నాడు అది పూర్తిగా మొండికేసింది. మేనమామగా నేను పెట్టాల్సిన పట్టులంగా, ఓణీ, పూలదండ, పసుపు కుంకుమలు, పళ్ళ పళ్ళేలు, స్వీట్లు, అన్నీ డిక్కీలో ఉన్నాయి. కల్యాణ మండపం ముందు కారు ఆపి స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రిమోట్‌తో లాక్ చేసి తీశాను, ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను, తలుపు మీద చెయ్యి వేసి అదిమి నొక్కాను, కనీసం టిక్ మన్న చప్పుడు కూడా రాలేదు. లోపల పిల్లని పీటల మీద కూర్చోబెట్టడానికి సిద్ధం చేస్తున్నారు, మా చెల్లెలు రెండుసార్లు బయటికి వచ్చి "అన్నయ్యా, ముహూర్తం దాటిపోతుంది, పంతులుగారు అడుగుతున్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావగారు ఊళ్ళో ఉన్న మెకానిక్‌కి ఫోన్ చేస్తున్నారు, ఎవరో స్క్రూడ్రైవర్ తెచ్చి తలుపు సందులో పెట్టి లేపుదామంటే నేనే వద్దన్నాను, అద్దం పగిలిందంటే ఇంకో ఖర్చు. ఆ టెన్షన్‌లో నాకు చెమటలు పట్టేశాయి.

బంధువులని తీసుకొచ్చిన ట్రావెల్స్ డ్రైవర్ ఒకాయన ఇదంతా చూసి దగ్గరికి వచ్చి, "సార్, వెనక సీటు మడవండి, లోపల్నుంచి తీద్దాం" అన్నాడు. సీటు మడిచి, అడ్డున్న ట్రే ఊడదీసి, పళ్ళ పళ్ళేలు ఒక్కొక్కటే ముందుకి అందించి, ఆ ఇరుకులో పడుకుని మొబైల్ లైటు వేసి వెనక తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ అట్ట మీద వేళ్ళతో తడిమాడు. కింది అంచు దగ్గర అగ్గిపెట్టె అంత మూత ఉంది. దాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి, లోపల కనిపించిన లివర్‌ని పక్కకి నెట్టాడు. తలుపు లేచింది! ఆ మూత ఒకటి ఉందని ఇన్నాళ్ళూ నాకు సర్వీస్ సెంటర్‌లో ఒక్కరూ చెప్పలేదు. తర్వాత చూస్తే కారుతో ఇచ్చిన పుస్తకంలో చివర్లో బొమ్మతో సహా ఉంది. ఆయనకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు, భోజనం చేసి వెళ్ళాడు. ముహూర్తానికి ఓణీ వేశాం.

మర్నాడు సర్వీస్ సెంటర్ వాళ్ళు వెనక తలుపు వైరింగ్ మొత్తం మార్చాలని పెద్ద అంచనా చేతిలో పెట్టారు. నేను కారు ఆటోనగర్ తీసుకెళ్ళాను. అక్కడి ఆటో ఎలక్ట్రీషియన్ స్విచ్ ముట్టుకోనే లేదు. పైకప్పు నుంచి తలుపులోకి వెళ్ళే మడతల రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి, లోపలి వైర్లు ఒక్కొక్కటీ పట్టుకుని మెల్లగా లాగి చూశాడు. నల్ల వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్ళే ఎర్త్ వైరు, రబ్బరు బ్యాండులా సాగింది. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తీగ తెగిపోయింది. తలుపు ఎత్తినప్పుడల్లా వైర్లు వంగేది అక్కడే. నంబర్ ప్లేటు లైటుకి, వైపరుకి, స్విచ్ నొక్కితే డిక్కీ లాక్ తీసే మోటారుకి అన్నిటికీ అదే ఎర్త్, అందుకే అవన్నీ వరసగా మొండికేశాయి. స్విచ్ మార్చినప్పుడు వైర్లు కదిలి తెగిన కొసలు మళ్ళీ తగులుకుని ఉంటాయి, కొద్దిరోజులు పనిచేయడం అందుకే అని ఆయన చెప్పాడు. నాకూ అదే నిజమనిపించింది.

రిపేరు చేసిన పద్ధతి కూడా నాకు నచ్చింది. తెగిన చోటే అతుకు వేస్తే టంకం గట్టిగా ఉండి మళ్ళీ అక్కడే విరుగుతుందని, వంగే భాగం మొత్తానికీ సన్న పోగుల మెత్తటి వైరు కొత్తగా వేసి, అతుకులు రెండు వైపులా వంగని చోటికి జరిపి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడిగాడు. ఇంకా తెగకపోయినా బలహీనపడ్డ మరో రెండు వైర్లకీ అలాగే చేశాడు. నేను అడిగితే లాచ్, అంటే తలుపుని పట్టి ఉంచే కొక్కెం, దాని లివర్‌కి సైకిల్ బ్రేకు తీగ కట్టి ఆ మూత వెనక దాకా తెచ్చి పెట్టాడు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, మూత తీసి తీగ లాగితే చాలు. మొత్తం ఖర్చు ఆ అంచనాలో పదోవంతు కూడా కాలేదు.

మీకూ ఇలా అయితే ముందు చెవి పెట్టి వినండి. నొక్కినప్పుడు టిక్ మని వినిపిస్తుంటే మోటారు పనిచేస్తున్నట్టే, సామాను ఎక్కువై లాచ్ బిగుసుకుని ఉండొచ్చు, ఒకరు తలుపుని లోపలికి అదిమి పట్టుకుంటే ఇంకొకరు నొక్కండి. చప్పుడే లేకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడండి. అవి బాగుండి పక్కన లైటో వైపరో కూడా తేడా చేస్తుంటే స్విచ్ కొనే ముందు ఆ రబ్బరు గొట్టం విప్పించండి. వారంటీలో ఉన్న కారుకి మాత్రం బయట వైర్లు కోయించకండి, నాకు వారంటీ అయిపోయింది కాబట్టి ధైర్యం చేశాను.

కారు కొనొచ్చా అంటే, వారానికోసారి కూరగాయల సంచీ పెట్టుకునే ఇంటికి ఈ సమస్య ఎప్పటికీ రాకపోవచ్చు, వాళ్ళకి కొనమనే చెబుతాను. నాలాగా సరుకు వేసుకుని తిరిగే వాళ్ళయితే షోరూమ్‌లోనే వెనక సీటు మడిచి ఆ మూత ఉందో లేదో, దాని దాకా చెయ్యి అందుతుందో లేదో చూసుకోండి. వచ్చే కారు సీఎన్‌జీ తీసుకుందామనుకున్నాను, కానీ సిలిండర్ డిక్కీలో అడ్డంగా ఉంటే లోపల్నుంచి పాకే దారి ఉండదు. అందుకని ఆ సంగతి ఇంకా తేల్చుకోలేదు.