ప్రాసెసర్ స్కోరు చూసి ముందే డబ్బు కట్టకండి: నాకు జరిగింది ఇది

కొత్త ఫ్లాగ్‌షిప్ ఫోన్ లాంచ్ దగ్గర పడుతోంది. దాని ప్రాసెసర్ ఎంత వేగమైనదో చూపించే లీకైన స్కోర్లు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. ముందే బుక్ చేసుకుంటే ఇయర్‌బడ్స్ ఉచితం అంటున్నారు. పోయినసారి సరిగ్గా ఇలాంటి సమయంలోనే నేను డబ్బు కట్టేశాను. ఆ తర్వాత నేను పడ్డ బాధ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను. బుకింగ్ బటన్ నొక్కడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగి చదవండి.

కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు తెలియకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఈ చిక్కు ఏ కంపెనీ ఫోన్‌తోనైనా రావచ్చు.

ఆ లాంచ్‌కి ముందు నెల రోజులు నేను చదవని లీక్ లేదు. నా పాత ఫోన్ నాలుగేళ్ళు బాగా పనిచేసింది. ఈసారి మంచిది కొంటే మరో ఐదేళ్ళు ఫోన్ గురించి ఆలోచించక్కర్లేదు అనుకున్నాను. లాంచ్ రోజు స్టేజీ మీద చూపించిన గ్రాఫులో కొత్త ప్రాసెసర్ గీత మిగతా వాటన్నిటికంటే పైన ఉంది. అది చూసి ఆ రాత్రే మొత్తం డబ్బు కట్టాను.

ఉన్న మాట చెప్పాలి. ఫోన్ చేతికొచ్చిన రోజు బెంచ్‌మార్క్ (ఫోన్ వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చే యాప్) నడిపితే కంపెనీ చెప్పిన స్కోరే వచ్చింది. సంతోషంతో స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకి పంపాను. ఆ స్కోరు ఎంతసేపు నిలుస్తుందో మాత్రం వాళ్ళు చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు.

రెండో రోజు నుంచే కెమెరా పక్క భాగం వేడెక్కడం మొదలైంది. మ్యాప్స్ పెట్టుకుని కాసేపు నడిచినా చేతికి సెగ తగిలేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "కొత్త ఫోన్ కదా సార్, మొదటి కొన్ని రోజులు ఫొటోలు, యాప్‌లు లోపల సర్దుకుంటూ ఉంటాయి. వేడి మామూలే. అప్‌డేట్ వస్తోంది, కొంచెం ఆగండి" అన్నారు. అందులో సగం నిజం ఉంది. 2023లో ఐఫోన్ 15 ప్రో వేడెక్కుతోందని గోల వచ్చినప్పుడు ఆపిల్ చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17లో ఒక బగ్ ఉందని, కొన్ని బయటి యాప్‌ల వల్ల కూడా వేడి పెరుగుతోందని కూడా వాళ్ళు ఒప్పుకున్నారు. అక్టోబరు మొదట్లో 17.0.3 అప్‌డేట్ ఇచ్చారు. కాబట్టి ఆగమన్న మాటని నేను నమ్మాను. నమ్మి ఆగిన ఆ రోజుల్లోనే రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోయింది. గడువు లెక్క డెలివరీ రోజు నుంచే మొదలవుతుంది, అప్‌డేట్ కోసం ఎదురుచూసే మన కోసం అది ఆగదు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను.

ఆ తర్వాత మా మేనకోడలి డాన్స్ ప్రోగ్రామ్ వచ్చింది. ఆర్నెల్లుగా ప్రాక్టీస్ చేస్తోంది పాప. "నీ దగ్గర కొత్త ఫోన్ ఉందిగా, మొత్తం నువ్వే తియ్యరా" అంది అక్క. మూడో వరసలో కూర్చుని 4కె, సెకనుకి 60 ఫ్రేములు పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టాను. పదకొండో నిమిషంలో స్క్రీన్ వెలుతురు తగ్గింది. ఇంకో రెండు నిమిషాలకి ఫోన్ బాగా వేడెక్కిందని మెసేజ్ వచ్చి కెమెరా మూసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే తెరుచుకోలేదు. చల్లబడాలని కవర్ తీసేసి, ఫోన్‌ని చేతిలో పట్టుకుని విసురుతూ కూర్చున్నాను. ఆ టెన్షన్‌లో స్టేజీ వైపు చూడటమే మర్చిపోయాను. పాప ఒక్కతే చేసిన భాగం చివర్లో ఉంది. అది అక్క పాత ఫోన్‌లో సగం నుంచి దొరికింది. ఇంటికొచ్చాక "మామయ్యా, నాది మొత్తం వచ్చిందా?" అని అడిగితే నాకు మాట రాలేదు.

మర్నాడే సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. ఫోన్‌ని ఏదో టెస్ట్‌కి పెట్టి, వేడి నార్మల్ రేంజ్‌లోనే ఉందని జాబ్ షీట్ మీద రాసిచ్చారు. పోనీ డబ్బు వెనక్కి ఇమ్మంటే గడువు అయిపోయిందన్నారు. గడువులోపే వచ్చినా, ఉచితంగా ఇచ్చిన ఇయర్‌బడ్స్ సీలు తీయకుండా తిరిగివ్వాలట. నేను మొదటి రోజే సీలు తీశాను. బుకింగ్ షరతుల్లో ఈ మాట ఉంది, చిన్న అక్షరాల్లో. చదవలేదు.

కొన్నాళ్ళకి వాళ్ళు చెప్పిన అప్‌డేట్ వచ్చింది. వేడి తగ్గింది. రెండు రోజులు హాయిగా అనిపించింది. తర్వాత గేమ్ తడబడటం, వీడియో ఎడిటింగ్‌కి ఎక్కువసేపు పట్టడం గమనించాను. అప్‌డేట్‌కి ముందు నేను తీసిపెట్టుకున్న స్ట్రెస్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పక్కన కొత్తది పెట్టి చూశాక విషయం అర్థమైంది. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఫోన్ కొనేవాళ్ళకి ఇదే అన్నిటికంటే ముఖ్యం.

3డీమార్క్ అనే బెంచ్‌మార్క్ యాప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ అని ఉంటుంది. ఒక నిమిషం టెస్ట్‌ని ఆపకుండా 20 సార్లు నడుపుతుంది. చివర్లో అన్నిటికంటే మంచి స్కోరు, అన్నిటికంటే తక్కువ స్కోరు చూపించి, ఆ తక్కువది మంచిదానిలో ఎంత శాతమో స్టెబిలిటీ పేరుతో ఇస్తుంది. అప్‌డేట్ తర్వాత నా ఫోన్ స్టెబిలిటీ శాతం బాగా పెరిగింది. సర్వీస్ సెంటర్ అబ్బాయి దాన్నే చూపించి "ఇంప్రూవ్ అయింది కదా సార్" అన్నాడు. నిజానికి పడిపోయే స్కోరుని వాళ్ళు పైకి లేపలేదు, మొదటి స్కోరునే కిందికి దించారు. రెండూ దగ్గరికి వచ్చేసరికి శాతం పెరిగినట్టు కనిపించింది. అంటే నేను ఏ వేగం చూసి కొన్నానో ఆ వేగం ఇప్పుడు మొదటి నిమిషంలో కూడా రావడం లేదు. అందుకే ఎవరైనా స్టెబిలిటీ శాతం ఒక్కటే చూపిస్తే నమ్మకండి. 20వ రౌండులో అసలు స్కోరు ఎంతో అడగండి. పోయినేటి ఫోన్‌కి అదే రౌండులో ఎంత వచ్చిందో పక్కన పెట్టి చూడండి. చాలాసార్లు రెండింటి మధ్య తేడా లాంచ్ గ్రాఫులో చూపించినంత ఉండదు.

ఇలా ఎందుకవుతుందో నేను దెబ్బతిన్నాకే చదివి తెలుసుకున్నాను. ప్రాసెసర్ వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాల్సి వస్తుంది. చిప్ వాడుకునే పవర్ వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదానితో) పాటు పెరుగుతుంది. వేగాన్ని 10 శాతం, వోల్టేజీని 10 శాతం పెంచితే పవర్ దాదాపు 33 శాతం పెరుగుతుంది. ఆ పవరంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఉంటుంది. మామూలు ఫోన్‌లో ఉండదు. వేపర్ ఛాంబర్ (వేడిని పరచడానికి లోపల పెట్టే పల్చటి లోహపు రేకు) ఎంత పెద్దదైనా వేడిని ఒక చోటి నుంచి ఫోనంతా పరుస్తుంది. అక్కణ్ణుంచి అది మన చేతికీ గాలికీ పోవాల్సిందే. పోలేనప్పుడు ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది. అలా తగ్గించడం తప్పు కాదు. పదో నిమిషానికి ఎంత తగ్గుతుందో చెప్పకుండా మొదటి నిమిషం స్కోరుతోనే అమ్మడం తప్పు.

ఇది ఇవాళ కొత్తగా వచ్చిన సమస్య కూడా కాదు. 2015లో క్వాల్‌కామ్ కంపెనీ ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ 810 వేడి గురించి అందరూ మాట్లాడుకున్నారు. ఆ ఏడాది గెలాక్సీ ఎస్6లో శామ్‌సంగ్ దాన్ని పెట్టకుండా సొంత ఎక్సినోస్ చిప్ పెట్టుకుంది. 2021 చివర్లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 విషయంలోనూ వేడి ఫిర్యాదులు వచ్చాయి. అది శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో 4 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. 2022 మేలో దాదాపు అదే డిజైన్‌ని తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీకి మార్చి 8 ప్లస్ జెన్ 1 పేరుతో తెచ్చారు. పేరుకి అక్కడా 4 నానోమీటర్లే. గరిష్ఠ వేగం 3.0 నుంచి 3.2 గిగాహెర్ట్జ్‌కి పెరిగినా పవర్ వాడకం తగ్గింది. నానోమీటర్ అన్నది ఇప్పుడు తరం పేరు మాత్రమే, చిప్‌లో అంత కొలత ఉన్న భాగం ఉండాలని లేదు. ఆర్నెల్లు ఆగినవాళ్ళకి మంచి చిప్ దొరికింది. మొదటి రోజే కొన్నవాళ్ళకి పాతదే మిగిలింది.

స్కోర్ల మీద నమ్మకం సడలడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2022 మార్చిలో శామ్‌సంగ్ ఫోన్లలోని గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ వ్యవహారం బయటపడింది. అది చాలా యాప్‌ల వేగం తగ్గిస్తూ, బెంచ్‌మార్క్ యాప్‌లని మాత్రం వదిలేస్తోందని తేలింది. దాంతో గీక్‌బెంచ్ అనే ఇంకో బెంచ్‌మార్క్ యాప్ వాళ్ళు గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 దాకా ఆ సిరీస్ ఫోన్లని తమ చార్టు నుంచి తీసేశారు. అంతకుముందు 2018లో హువావే ఫోన్లు కొన్నిటిని 3డీమార్క్ వాళ్ళు ఇలాంటి కారణానికే తొలగించారు. లీకైన స్కోరు నిజమైనదే అనుకున్నా, అది మనం వాడే యాప్‌లో కూడా వస్తుందన్న హామీ లేదు.

ఒకే పేరుతో రెండు ప్రాసెసర్లు ఉండే ఫోన్లతో ఇంకా జాగ్రత్త. 2020 గెలాక్సీ ఎస్20 కొన్ని దేశాల్లో స్నాప్‌డ్రాగన్ 865తో, కొన్ని దేశాల్లో ఎక్సినోస్ 990తో వచ్చింది. 2023లో ఎస్23 అన్నిచోట్లా స్నాప్‌డ్రాగనే. ఇక ఆ గొడవ పోయింది అనుకుంటే 2024లో ఎస్24, ఎస్24 ప్లస్ మళ్ళీ చాలా దేశాల్లో ఎక్సినోస్ 2400తో వచ్చాయి. మీరు చూసిన రివ్యూలో ఉన్న చిప్పే మీకొచ్చే పెట్టెలో ఉంటుందా అన్నది మోడల్ నంబర్ చూసి తేల్చుకోవాలి. ఫోన్ పేరు సరిపోదు.

ఇంత రాశాక కూడా రాబోయే ఫోన్ మీద నాకు ఆశ ఉంది. 2 నానోమీటర్ల తరం చిప్‌లలో ట్రాన్సిస్టర్ (చిప్‌లో కరెంటుని ఆపి వదిలే చిన్న స్విచ్) నిర్మాణమే మారుతోంది. ఇంతకుముందు ఫిన్‌ఫెట్ అనే పద్ధతిలో కరెంటు వెళ్ళే దారిని, దాన్ని అదుపు చేసే గేటు మూడు వైపుల నుంచి పట్టుకునేది. కొత్త పద్ధతిలో నాలుగు వైపులా చుట్టుకుంటుంది. దాంతో వృథాగా కారిపోయే కరెంటు తగ్గుతుంది. ఆ మిగులుని వేడి తగ్గించడానికి వాడితే మనలాంటివాళ్ళకి చాలా మేలు. నా భయమల్లా, దాన్ని కూడా మొదటి నిమిషం స్కోరు పెంచడానికే ఖర్చుపెడతారేమోనని. 2020 చివర్లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 888 గరిష్ఠ వేగం 2.84 గిగాహెర్ట్జ్. 2024 అక్టోబరులో వచ్చిన 8 ఎలైట్‌ది 4.32. ఈ పరుగు చూస్తే ఆ భయం పోవడం లేదు.

కాబట్టి ఇప్పుడు బుక్ చేయకండి. చేయక తప్పదనుకుంటే డెలివరీ అయిన రోజే ఇరవై రౌండ్ల టెస్ట్ నడిపి స్క్రీన్‌షాట్ దాచుకోండి. చార్జింగ్ తీసేసి, కవర్ లేకుండా నడపండి. మీకు అవసరమయ్యే క్వాలిటీలోనే అరగంట వీడియో తీసి చూడండి. ఉచితంగా ఇచ్చిన వస్తువు సీలు గడువు పూర్తయ్యేదాకా తీయకండి. అప్‌డేట్ వస్తుంది ఆగండి అంటే, ఆ మాట మెయిల్‌లో రాసిమ్మని అడగండి, గడువు పొడిగిస్తామని కూడా అందులో రాయమనండి. రాయకపోతే గడువులోపే వెనక్కి ఇచ్చేయండి. ఆటో అప్‌డేట్ ఆపిపెట్టి, ముందు స్కోరు తీసుకున్నాకే అప్‌డేట్ చేయండి. నా దగ్గర ఆ పాత స్క్రీన్‌షాట్ ఒక్కటి ఉండబట్టే ఫిర్యాదు ఇంతదాకా వచ్చింది.

రివ్యూ కోసం కంపెనీ పంపిన ఫోన్ కాకుండా, మీ డబ్బుతో కొన్న కొత్త ఫోన్ మీలో ఎవరికైనా ముందుగా అందితే ఒక్క సాయం చేయండి. మోడల్ నంబర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మొదటి రౌండు స్కోరు, ఇరవయ్యో రౌండు స్కోరు, వీడియో ఎన్ని నిమిషాలకి ఆగిందో ఇక్కడ రాయండి. నెల తర్వాత అప్‌డేట్ వచ్చాక మళ్ళీ ఒకసారి నడిపి అదీ రాయండి. మేనకోడలి తర్వాతి ప్రోగ్రామ్‌కి ఇంకా టైముంది. అప్పటిదాకా ఇప్పుడున్న ఫోన్‌తోనే ఆగుతాను, మీరు రాసేవి చూసుకుంటాను.